అంతకు తక్కువకి ఇవ్వవద్దు

సెప్టెంబరు 2

ఐదో అంతస్తు వాళ్ళు కూడా వెళ్ళిపోయారు. పొద్దున్నే నిచ్చెన లారీ వచ్చింది. మా బాల్కనీ పక్కనుంచే నిచ్చెన పైదాకా లేచింది. పరుపులు, బియ్యం డబ్బా, పిల్లాడి సైకిలు, తలుపు ఊడిన బీరువా ఒక్కొక్కటే దాని మీద జారుతూ కిందికి దిగాయి. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఇక్కడ ఇంట్లో ఉన్నవన్నీ గాల్లో ఊరేగించి మరీ వెళ్ళాలి. నేను కర్టెను వెనక నిలబడి అంతా చూశాను. ఆ బీరువా వాళ్ళ పెళ్ళినాటిది అయ్యుంటుంది.

కిందికి వెళ్ళేసరికి ప్రెసిడెంట్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మా సొల్బిత్ మాఉల్ అపార్ట్‌మెంట్ల మహిళా సంఘానికి ఆవిడే ప్రెసిడెంటు. పన్నెండో అంతస్తు.

"మంచివాళ్ళు పాపం. కానీ ఏం చేస్తాం నారూ వాళ్ళమ్మా, బుందాంగ్‌లో ఉండాలంటే ఆ మాత్రం డిపాజిట్టు పెంచి ఇచ్చుకోగలగాలిగా" అన్నారు.

"అవునండీ" అన్నాను.

కొత్త నోటీసు నా చేత్తోనే రెండు లిఫ్టుల్లోనూ అంటించాను. "మన ఇళ్ళ విలువను మనమే కాపాడుకుందాం" అని పైన. అమ్మకానికి ఒక రేటు, అద్దె డిపాజిట్టుకు ఒక రేటు కింద. ఆ కింద ఎర్ర అక్షరాల్లో "అంతకు తక్కువకి ఇవ్వవద్దు" అని. నేను అంటిస్తే ఒక్క ముడత ఉండదు. ప్రెసిడెంట్ గారు అందుకే ఈ పని ఇంకెవరికీ చెప్పరు.

మా ఇల్లు కూడా డిపాజిట్టు మీద తీసుకున్నదేనని ఈ బ్లాకులో ఎవరికీ తెలియదు. ముందే పెద్ద మొత్తం ఇచ్చేశాం, వెళ్ళేటప్పుడు అది తిరిగొస్తుంది. నెలనెలా అద్దె కట్టే పని లేదు, రెండేళ్ళకోసారి ఓనరు అడిగినంత డిపాజిట్టు పెంచి ఇస్తే చాలు. ఓనరు పళ్ళ డాక్టరు, సియోల్‌లో ఉంటాడు. ఒక్కసారి కూడా ఇటు రాలేదు. సొంతిల్లని నేనెప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు. ఎవరైనా అనుకుంటే కాదనలేదు, అంతే.

సెప్టెంబరు 9

మా అమ్మాయి నారూ కోటు చేతులు పొట్టి చేయించడానికి సున్‌దొక్ కొట్టుకి వెళ్ళాను. కాంప్లెక్సు బేస్‌మెంటులో, చేపల కొట్టుకీ తాళంచెవులు చేసే ముసలాయనకీ మధ్య ఉంటుంది. ఆ కొట్లో సరిచేయించుకున్న బట్టలన్నిటికీ కాస్త చేపల వాసన ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు, కుట్టు అంత బాగుంటుంది.

మేం ఈ బ్లాకులోకి వచ్చిన ఏడే తనూ వచ్చింది. మా నెత్తిమీదే, నాలుగో అంతస్తు. అద్దెకుంటున్నానని ఊరంతా చెప్పుకుని తిరిగే మనిషి. ఆ విషయంలో దానికి సిగ్గూ లేదు, బెంగా లేదు.

"మా ఓనరు ఫోన్ చేశాడక్కా" అంది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"పెంచమన్నాడా?"

"పెంచమన్నాడా అంటే, ఈ మిషను బంగారంతో చేసింది అనుకుంటున్నాడేమో."

"బేరమాడకపోయావా."

"ఆడకుండా ఊరుకుంటానా. మీ లిఫ్టులో నోటీసు చూసుకోమ్మా అన్నాడు. సంఘం వాళ్ళే తగ్గించొద్దంటుంటే నేనెందుకు తగ్గిస్తానన్నాడు. ఆయనన్నదాంట్లో తప్పేముంది చెప్పు." సూదులు ఒక్కొక్కటే తీసి కోటుకి గుచ్చింది. "నోటీసు పెట్టినోళ్ళ చేతులు పడిపోనని తిట్టుకున్నా. తర్వాత అంటించింది నువ్వే కదాని గుర్తొచ్చి, ఆ తిట్టు వెనక్కి తీసుకున్నాలే."

నవ్వింది. నేనూ నవ్వాను.

సెప్టెంబరు 10

నోటీసు రాసింది నేను కాదు. అంటించడం వరకే నేను.

సెప్టెంబరు 17

సాయంత్రం సున్‌దొక్ పైనుంచి గిన్నె పట్టుకుని దిగింది. ముల్లంగీ ఎండు చేపా వేసి చేసిన పులుసు. మా ఆయనకి అదంటే ప్రాణం. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా కూర్చుంది. ఏదో అడగడానికి వచ్చిందని అప్పుడే తెలిసిపోయింది.

"ప్రెసిడెంట్‌తో ఒక్క మాట చెప్పక్కా. నా అగ్రిమెంటు అయ్యేదాకా ఆ నోటీసు తీసేయమను. తర్వాత మళ్ళీ పెట్టుకోండి, నేనొద్దన్నానా."

"అది అందరి మంచి కోసం పెట్టింది సున్‌దొక్. ఒక్కరి కోసం ఎలా తీస్తారు?"

"అందరూ అంటే ఎవరు?"

"ఇక్కడుండేవాళ్ళు."

"నేనుండేది ఎక్కడ మరి?"

పులుసు గిన్నె మీద మూత సరిచేశాను. తను లేచి చెప్పులు వేసుకుంటూ, "సరేలే. నువ్వైతే అర్థం చేసుకుంటావనుకున్నా" అంది.

నేనైతే ఏమిటి? అందరికంటే నేను ఎక్కువ అర్థం చేసుకోవాల్సింది ఏముంది? రాత్రి అన్నం దగ్గర కూడా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. మా ఆయన పులుసు రెండుసార్లు వేసుకున్నారు.

సెప్టెంబరు 30

సున్‌దొక్ వెళ్ళిపోయింది. మంచి రోజు కూడా చూసుకోలేదు. దోషం లేని రోజైతే లారీవాడు ఎక్కువ అడుగుతాడని, ఎవరూ ఇల్లు మారని రోజు ఏరుకుని మరీ వెళ్ళింది. యోజులో ఇల్లు దొరికిందట. మన రైలు లైనులో ఆఖరి స్టేషను.

"నెల అద్దెకి ఆరు నెలలకే రాయించుకున్నా. ముందు ఉండి చూడాలిగా. చిన్న కొట్టు కూడా దొరికింది, ఈసారి చేపల పక్కన కాదులే."

"మంచిది."

"రైలెక్కి కూర్చుంటే వచ్చేస్తావ్. రా అక్కా."

"వస్తాను."

కోటు చేతులు సరిచేసినందుకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. నేను బలవంతం చేయలేదు. చేయాల్సింది.

అలా అని నాకేం బాధగా లేదు. మనుషులు వస్తారు, పోతారు. దాని గతి అంతే అనుకోవాలి.

అక్టోబరు 14

పళ్ళ డాక్టరు మెసేజ్ పెట్టాడు. ఫిబ్రవరితో అగ్రిమెంటు అయిపోతుంది కదా, ఉండాలంటే ఇంత పెంచాలి అని. ఎంతో ఇక్కడ రాయను. మా ఆయన చదివి ఫోను బల్ల మీద బోర్లించి పెట్టారు.

కింద ఒక ఫోటో కూడా పెట్టాడు. "మీ బ్లాకు సంఘమే ఇంతకు తక్కువకి ఇవ్వొద్దంటోంది, నేను అడిగింది ఎక్కువేం కాదు" అని. మా లిఫ్టులో నోటీసు ఫోటో. ఆయనకి ఎవరు పంపించారో. కుడి చేతి వైపు మొదటి లిఫ్టు. నాలుగు మూలలా టేపు, ఒక్క ముడత లేదు.

అక్టోబరు 15

మేం వెళ్ళడం లేదు.

అక్టోబరు 19

మా ఆయనతో గొడవ. గొడవ అంటే ఆయన మాట్లాడారు, నేను గిన్నెలు తోమాను.

"క్రితంసారి అద్దెకుండేవాళ్ళ చట్టం చూపిస్తే కాస్త పెంచి ఊరుకున్నాడు. ఆ అవకాశం ఒక్కసారే ఉంటుంది. ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది. వచ్చే ఏడు నేను రిటైరవుతున్నా. ఇంకో అప్పు ఎవడిస్తాడు?"

"నారూ చదువో మరి?"

"నారూ స్కూలు అయిపోయిందిగా. దేజోన్‌లో కాలేజీ హాస్టల్లో ఉంటోంది. ఇంకా నారూ చదువేంటి?"

అది నిజమే. నారూ స్కూలు కోసమని ఈ ఊరొచ్చాం. నారూ స్కూలు కోసమని మొదటిసారి పెంచాం, రెండోసారి పెంచాం. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది.

"అసలు నీకు ఇక్కడేముంది చెప్పు" అన్నారు ఆయన. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

కొళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడ్డాను. లిఫ్టులో అందరూ పలకరిస్తారు. సెక్యూరిటీ ఆయన మా పార్సిళ్ళు విడిగా తీసిపెడతాడు. మీటింగుల్లో ప్రెసిడెంట్ గారు పక్క కుర్చీ చూపించి కూర్చోమంటారు. నా పుట్టింట్లో నన్ను అలా ఎవరూ కూర్చోమనలేదు. ఇదంతా ఆయనకి చెబితే నవ్వుతారు. చెప్పలేదు.

నవంబరు 4

ధైర్యం చేసి పన్నెండో అంతస్తుకి వెళ్ళాను. ప్రెసిడెంట్ గారు పండిన పర్సిమన్ పండు చెక్కు తీసి ముక్కలు పెట్టారు.

"నోటీసులో అద్దె డిపాజిట్ల సంగతి తీసేస్తే ఎలా ఉంటుందండీ? అమ్మకం రేటు ఒక్కటీ ఉంచితే చాలేమో. మరీ ఖాళీ అయిపోతోంది బ్లాకు."

ఆవిడ నా వంక చూశారు. చాలాసేపు చూశారని ఇప్పుడు అనిపిస్తోంది.

"ఖాళీ కానివ్వండి. వెళ్ళేవాళ్ళ చోట్లోకి డబ్బున్నవాళ్ళు వస్తారు. మన లిఫ్టు ఎక్కేవాళ్ళు ఎవరనేది కూడా విలువే కదండీ." సొరుగు తెరిచి రెండు కాగితాలు తీశారు. "మీరొచ్చారు కాబట్టి సరిపోయింది. రేటు మార్చాం, కాస్త పెరిగింది. మీరే అంటించాలి. మీలాగా ఇంకెవరికీ రాదు."

కాదంటే, ఎందుకని అడిగితే ఏం చెప్పను?

అంటించాను. పాతది గోరుతో మెల్లగా గీకి తీసి, అద్దం తుడిచి, కొత్తది పెట్టాను. రెండో లిఫ్టులో ఉండగా మా ఆయన ఆఫీసునుంచి వచ్చి ఎక్కారు. నోటీసూ చూశారు, నా చేతిలో టేపూ చూశారు. మూడో అంతస్తులో నాకంటే ముందు దిగి తాళం తీశారు.

నవంబరు 22

కిమ్చీ పెట్టిన రోజు. ఏటా మా మెట్ల వైపు ఆడవాళ్ళమంతా కమ్యూనిటీ హాల్లో చేరి శీతాకాలానికి సరిపడా పెడతాం. ఈసారి హాలు సగం ఖాళీ. కాబేజీలు ఉప్పులో ఊరబెట్టడం సున్‌దొక్ పని. ఎప్పుడు తీయాలో ఆకు వంచి చూసి చెప్పేది. ఈసారి ఎవరికి వాళ్ళు చూసి, ఎవరికి వాళ్ళు చాలన్నారు. కారం కలిపాక రుచి చూస్తే ఉప్పు కషాయం. ప్రెసిడెంట్ గారు కొంచెం తిని, "పులిస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు.

సర్దుకోదు. అందరికీ తెలుసు.

డిసెంబరు 11

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర రాదు.

జిల్లా ఆఫీసునుంచి ఒకాయన వచ్చాడు. ఇళ్ళ రేట్లు కూడబలుక్కుని నోటీసులు పెట్టడం చట్టం ప్రకారం నేరమట. ఎవరో ఫిర్యాదు చేశారట. మేనేజ్‌మెంట్ ఆఫీసుకి నన్ను పిలిచారు. ప్రెసిడెంట్ గారూ, ఇంకో ఇద్దరు సభ్యులూ అప్పటికే కూర్చుని ఉన్నారు. వచ్చినాయన కుర్రవాడే, మా నారూ కంటే ఓ నాలుగైదేళ్ళు పెద్దవాడు అయ్యుంటాడు. మర్యాదగానే మాట్లాడాడు. లిఫ్టు కెమెరాలో బొమ్మ చూపించాడు. అందులో నేను వెనక్కి తిరిగి టేపు అంటిస్తున్నాను. నా జుట్టు వెనక అంత పల్చబడిందని నాకు తెలియదు.

"మీరేనాండీ ఇది?"

"నేనే."

"సంఘం తరఫున పెట్టారా?"

నేను నోరు తెరిచేలోపల ప్రెసిడెంట్ గారు అందుకున్నారు.

"అబ్బే, ఈవిడ సంఘం సభ్యురాలు కాదండీ. సభ్యత్వం ఓనర్లకే. ఈవిడ మూడో అంతస్తులో అద్దెకుంటారు, ఓనరు సియోల్‌లో పళ్ళ డాక్టరు. ఏదో ఉత్సాహం కొద్దీ సాయం చేస్తుంటారు, మేమూ వద్దనలేక ఊరుకున్నాం."

పళ్ళ డాక్టరు అని కూడా తెలుసు. ఇంకో ఇద్దరూ తల దించుకోలేదు, ఆశ్చర్యపోలేదు. వాళ్ళకీ తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

కుర్రవాడు నా వైపు తిరిగాడు. వాడి మొహంలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

"మీరు అద్దెకుంటున్నారా?"

"అవును."

"అద్దెకుంటూ, అద్దె తగ్గించొద్దని నోటీసు అంటించారా?"

అవునని తలూపాను. వాడు కాసేపు పెన్ను ఆడించి, "ఇందులో మీకు లాభం ఏమీ లేదు కాబట్టి దీన్ని కుట్ర అనడానికి లేదండీ. ఇంకోసారి చేయకండి" అని ఏదో రాసుకున్నాడు. నోటీసులు తీసేయమని చెప్పి వెళ్ళిపోయాడు.

తీసే పని కూడా నాకే చెప్పారు.

డిసెంబరు 12

లిఫ్టు ఎక్కలేదు. మెట్లు.

డిసెంబరు 13

మెట్లు.

డిసెంబరు 20

చేతిలో బరువు ఉండి లిఫ్టు ఎక్కాల్సి వచ్చింది. తలుపులు మూసుకోబోతుంటే ప్రెసిడెంట్ గారు ఎక్కారు. ఎప్పటిలాగే నవ్వారు.

"మీ వల్ల గండం గడిచింది నారూ వాళ్ళమ్మా. మాలో ఎవరు అంటించినా కోర్టు దాకా పోయేది. దేనికైనా మీలాంటి మనిషి ఒకరు ఉండాలి."

థాంక్స్ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఇంటికొచ్చి ఉల్లికాడలు ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకునే ఏడ్చాను. అది మోగడం మొదలెట్టాక మూశాను.

అంటించడం నా చేత ఎందుకు చేయించేవారో ఇప్పుడు తెలిసింది. నా పనితనం చూసి అనుకున్నాను.

డిసెంబరు 21

ఆయనతో చెప్పాను, వెళ్దామని. ఆయన సరే అన్నారు. రాత్రి నా చెప్పుల మీద దుమ్ము తుడిచి అల్మారాలో పెట్టారు. ఎప్పుడూ చేయని పని.

జనవరి 16

యోజు వెళ్ళాం, ఇల్లు చూడడానికి. సున్‌దొక్ ఉందని కాదు. లైను ఒకటే, ఎక్కి కూర్చుంటే చాలు, ఆయనకి ఆఫీసుకి మిగిలిన నెలలూ వీలుగా ఉంటుంది. అందుకే.

స్టేషను బయట చలి కోసేస్తోంది. పొలాల్లో కోసిన వరి మోళ్ళ మీద మంచు. ఏజెంటు లావుపాటి ఆయన, మా చేతుల్లో వేడి కాఫీ డబ్బాలు పెట్టాడు. స్టేషను దగ్గర బ్లాకులో రెండో అంతస్తు చూపించాడు. చిన్నదే. వంటింటి కిటికీలోంచి గుట్ట కనిపిస్తుంది. ఆయన డిపాజిట్టు రేటు చెప్పి, మేం బేరమాడతామని ఆగాడు. ఆగాడని నాకు తెలుసు. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఎక్కడినుంచి వస్తున్నారమ్మా?" అన్నాడు ఏజెంటు.

"బుందాంగ్" అన్నాను.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. నెలరోజులుగా ఎవరూ నన్ను అలా చూడలేదు.

"అయితే మీకు ఇది లెక్కలోకి రాదులెండి."

"లెక్కేముంది. మీరు చెప్పింది బాగానే ఉంది. రాసేయండి" అన్నాను.

తిరుగు రైల్లో మా ఆయన ఏజెంటు కార్డు వెనకా ముందూ చూసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "కొంచెం తగ్గించేవాడు, అడిగితే" అన్నారు.

"చిల్లర బేరాలు ఆడడానికి వెళ్ళామా?"

అక్కడి రేట్లు మా బుందాంగ్ ముందు ఏపాటి.

ఫిబ్రవరి 20

దోషం లేని రోజు కాదు ఇవాళ. లారీ చవకగా వచ్చింది.

మా సామాను నిచ్చెన మీద దిగుతుంటే నేను పైకి చూడలేదు. ప్రెసిడెంట్ గారు నారింజల పెట్టె పట్టుకుని కిందికి వచ్చారు. "ఎంత కష్టపడ్డారు మా కోసం. వెళ్ళిపోతుంటే ఏదో వెలితిగా ఉంది" అన్నారు. అబద్ధం కాదనుకుంటాను. ఆవిడ కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అదే నాకు అర్థం కాదు.

పెట్టె తీసుకున్నాను. దారిలో తిన్నాం. తియ్యగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 26

సున్‌దొక్ కొట్టు మార్కెట్ వీధిలో ఉంది. ఎదురుగా ఉన్న బస్టాపులో కూర్చుని చూశాను. లోపల దీపం వెలుగుతోంది. ఎవరిదో మందపాటి జాకెట్టు ఎత్తి పట్టుకుని జిప్పు చూస్తోంది. సన్నబడింది. రెండు బస్సులు వదిలేసి ఇంటికి నడిచి వచ్చేశాను.

ఆ రోజే నోటీసు తీసేయమని ప్రెసిడెంట్ గారితో చెప్పి ఉంటే? ఆవిడ తీసేవారు కాదు. కానీ నేను అడిగానని సున్‌దొక్‌కి తెలిసేది.

మార్చి 8

కొత్త ఇంట్లో దిగితే చుట్టుపక్కల వాళ్ళకి ఎర్ర చిక్కుళ్ళ పొడి చల్లి ఆవిరి మీద ఉడికించిన బియ్యపు రొట్టె పంచాలి. ఆలస్యమైంది, అయినా చేశాను. మా మెట్ల వైపు వాళ్ళకి ఇచ్చాక ఒక పళ్ళెం మిగిల్చాను. దాని మీద గుడ్డ కప్పుకుని, కొట్టు పక్కవాళ్ళని దారి అడిగి, సున్‌దొక్ ఇంటికి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. తప్పు నాదే అని మొదలుపెట్టాలనుకున్నాను.

తలుపు తీసే ఉంది. లోపలంతా అట్టపెట్టెలు.

"అక్కా" అంది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా పెద్దగా లేదు. "రా, ఆ పెట్టె మీద కూర్చో. బట్టలే, నలగవు."

"ఏమిటిదంతా?"

"ఏముంది, మళ్ళీ. ఆరు నెలలు అయిపోవచ్చాయిగా. ఓనరమ్మ పెంచమంది." నా చేతిలో పళ్ళెం తీసుకుని చాకు వెతికింది. "ఆవిడ మంచిదే పాపం. పోయిన నెల దాకా ఈ రేటుకే ఉండమంది. ఈలోపల స్టేషను దగ్గర బ్లాకులో ఎవరో బుందాంగ్ ఆవిడ దిగిందట. ఏజెంటు చెప్పిన రేటుకి ఒక్క మాట అనకుండా రాసేయమందట. ఆయన ఊరంతా చాటింపు వేశాడు. ఇప్పుడు ప్రతి ఓనరుకీ వాళ్ళ కొంప మహలులా కనిపిస్తోంది."

రొట్టె కోస్తూనే చెప్పింది. తల ఎత్తలేదు.

"నువ్వెక్కడ దిగావక్కా?"

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"స్టేషను దగ్గర" అన్నాను.

ఒక ముక్క నా చేతిలో పెట్టింది. తనూ ఒకటి తీసుకుని మెల్లగా నమిలింది. "బాగా ఉడికింది" అంది.

"అద్దెకే" అన్నాను. తను అడగలేదు. నాకై నేనే అన్నాను. ఆ మాట బయటి మనిషితో నా అంతట నేను అనడం ఇదే మొదలు.

"తెలుసు. అక్కడా అద్దెకేగా."

"నీకూ తెలుసా?"

"గోడకి మేకు కొట్టాలంటే మీ ఆయన వణికిపోయేవాడు. గడియారం కూడా బల్ల మీద పెట్టుకునేవాళ్ళు. సొంతిల్లైతే ఎవరు అంత భయపడతారు?"

"మరి ఎప్పుడూ అనలేదే."

"అంటే మా ఇంటికి రావడం మానేస్తావుగా."

తను లేచి నీళ్ళిచ్చింది. నేను బేరమాడలేదు, నిజమే, కానీ నీ సంగతి నాకు తెలియదు కదా అని చెప్పాలనుకున్నాను. ఆ మాట ఎంత చవకగా ఉంటుందో నాకే తెలిసి ఊరుకున్నాను. నీళ్ళు తాగాను.

"ఎక్కడికి వెళ్తున్నావ్?"

"జిన్‌చొన్ దాటాక ఒక పల్లెటూరు."

"అక్కడికి ఏ రైలు ఎక్కాలి?"

"రైలు లేదు. బస్సు దిగి బస్సు ఎక్కాలి. కావాలనే అలాంటిది వెతుక్కున్నా. రైలు లేకపోతే మీరెవరూ రారుగా."

నవ్వుతూనే అంది. పెట్టెలు సర్దుతానంటే వద్దంది. కొంచెం సేపు కూర్చున్నాను. వచ్చేస్తూ అడ్రసు అడిగితే, "ఇస్తానుండు" అని పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. కడిగి, గుడ్డతో తుడిచి, తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తలుపు దాకా వచ్చి సాగనంపింది.

అడ్రసు ఇవ్వలేదు. నేను మళ్ళీ అడగలేదు.